సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొంటున్నారా? వచ్చే పనులు, అయ్యే ఖర్చులు: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఐదు నుంచి పది లక్షల మధ్య పాత కాంపాక్ట్ ఎస్‌యూవీ చూసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఇక్కడ రాసిన రేట్లన్నీ పార్టు, కూలి కలిపి వేసిన అంచనాలు. మోడల్‌ని బట్టి, ఒరిజినల్ పార్టా లోకల్ పార్టా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. బేరం దగ్గర కూర్చున్నప్పుడు చేతిలో ఒక లెక్క ఉండాలి, అందుకోసమే ఇదంతా.

మా బడ్జెట్ ఆరు లక్షలు. ఆరు లక్షల బండి చూడొచ్చా?

చూడొద్దు. ఐదు, ఐదుంపావు దగ్గర ఆగండి. పాత బండి ధరంటే అమ్మేవాళ్ల చేతిలో పెట్టే డబ్బు ఒక్కటే కాదు, మొదటి ఏడాది దాని మీద పెట్టే డబ్బు కూడా. టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్, ఏసీ, ఆయిళ్లు, ఇన్సూరెన్స్, ట్రాన్స్‌ఫర్. ఇవన్నీ ఒకేసారి రాకపోయినా ఏడాదిలో సగమైనా వస్తాయి. మాన్యువల్ పెట్రోల్ బండికి అరవై, డెబ్బై వేలు పక్కన పెట్టుకోండి. డీజిల్‌కైనా, ఆటోమేటిక్‌కైనా లక్ష ఉంచుకోవాలి. ఉన్నదంతా బండికే పోసి, రెండో నెలలో క్లచ్ పోతే అప్పు చేసి వేయించుకునే పరిస్థితి చాలా ఇళ్లలో వస్తోంది. ఖర్చు వచ్చిందన్న కంగారులో లోకల్ పార్టులు వేయిస్తారు. ఆరు నెలలకు మళ్లీ అదే పని.

రీడింగ్ నలభై వేలే ఉంది. బండి మంచిదనుకోవచ్చా?

రీడింగ్ ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ అనుకోవద్దు. డిజిటల్ మీటరైనా వెనక్కి తిప్పేవాళ్లున్నారు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు మీద ఉన్న సర్వీస్ హిస్టరీ తీయించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చిందో వరసగా కనబడుతుంది. ఓనరు పక్కనే ఉండి అడిగితే సర్వీస్ సెంటర్ వాళ్లు ఇస్తారు. దానికి ఓనరు వెనకాడితే ఆ బండి వదిలేయండి.

కళ్లతో చూసేవి కూడా ఉన్నాయి. క్లచ్ పెడల్ రబ్బరు ఒక పక్కన నున్నగా అరిగిందా? డ్రైవర్ సీటులో మనిషి ఎక్కి దిగే వైపు అంచు నలిగి కుంగిందా? స్టీరింగ్ మీద చేతులు పెట్టే చోట తోలు మెరుస్తోందా? నలభై వేల కిలోమీటర్ల బండికి ఇవేవీ ఇంతగా ఉండవు. తర్వాత టైర్లు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3523 అంటే 2023లో 35వ వారంలో తయారైందని. 2019 బండి, రీడింగ్ ముప్పై వేలు, నాలుగు టైర్లూ 2023వి అనుకోండి. కంపెనీ టైర్లు ముప్పై వేలకే ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. సరైన జవాబు కూడా ఉండొచ్చు, కానీ అడిగితేనే తెలుస్తుంది.

2024 వరదల్లో మునిగిన బండిని ఎలా గుర్తుపట్టాలి?

విజయవాడలో పాత బండి కొనే ప్రతి ఒక్కరూ ముందు తెలుసుకోవాల్సింది ఇదే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ముంచేశాయి. కొన్ని వీధుల్లో రోజుల తరబడి తగ్గలేదు. ఇళ్ల ముందు, సెల్లార్లలో ఉన్న బండ్లు నీళ్లలోనే నానాయి. మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద కడతారు. ఆ బండి తుక్కులోకే పోవాలని లేదు. వేలంలో కొన్నవాళ్లు కడిగి, సీట్ కవర్లు మార్చి, పాలిష్ పట్టి మళ్లీ రోడ్డు మీదికి తేవచ్చు.

2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండ్లకు నంబరు చూసి ఊరు చెప్పలేం. అంతకు ముందు బండ్లకైతే ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు. అందుకని ఆర్సీలో అడ్రసు చూడండి, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా సర్వీస్ హిస్టరీ చూడండి. ఆ నెలల్లో ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉందేమో పాలసీ కంపెనీలో కనుక్కోండి.

ఇక బండి దగ్గర. ముందు సీటు బెల్టును ఆఖరు దాకా, ఇక రానంత వరకూ లాగండి. పైభాగం అందరూ కడుగుతారు. లోపల చుట్టలో మిగిలిన పట్టీ మీద లేత గోధుమ రంగు గీత, ఎండిన బురద వాసన అలాగే ఉండిపోతాయి. సీటును వెనక్కి జరిపి కింద పట్టాల బోల్టులు చూడండి. లోపలెప్పుడూ తడవని బండిలో అక్కడ తుప్పు పట్టదు. కాళ్ల దగ్గర కార్పెట్ లేపి దాని కింద ఉన్న స్పాంజిని చేత్తో నొక్కండి. పైన ఆరినా అది నెలల తరబడి చెమ్మ పట్టుకుని ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంట అడుగున మట్టి పేరుకుందేమో చూడండి. పాత బండికి హెడ్‌లైట్లు రెండూ కొత్తగా ధగధగలాడుతుంటే ఎందుకు మార్చారో అడగండి.

ఎయిర్‌బ్యాగ్ లైటును ప్రత్యేకంగా చూడాలి. ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ యూనిట్ చాలా బండ్లలో గేర్ రాడ్డుకు ముందు, నేల మీదే బిగించి ఉంటుంది. నీళ్లు కార్పెట్ దాటాయంటే ముందు తడిసేవాటిలో అదొకటి. తాళం తిప్పగానే ఎరుపు లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే అందులో లోపం ఉంది. అసలు వెలగనే లేదంటే ఎవరో దాన్ని కావాలనే మూసేసి ఉండొచ్చు, అది ఇంకా ప్రమాదం. బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెట్టించి, ఎయిర్‌బ్యాగ్ యూనిట్ దానికి జవాబిస్తోందో లేదో చూడండి. స్కానింగ్‌కి ఐదొందల నుంచి పదిహేనొందలు తీసుకుంటారు. పిల్లల్ని కూర్చోబెట్టుకునే బండి, ఈ డబ్బు దగ్గర వెనకాడొద్దు.

వరదలొక్కటే కాదు, గుంటూరులో మూడు వంతెనల కింద, విజయవాడలో లోబ్రిడ్జి దగ్గర పెద్ద వాన పడితే నీళ్లు నిలుస్తాయి. అలాంటి చోట ఇంజన్ గాలి పీల్చే దారిలోంచి నీళ్లు లోపలికి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆగిపోయిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంకా పాడవుతుంది. ఇంజన్ విప్పారా అన్న ప్రశ్న సూటిగా అడగండి, విప్పితే బిల్లు చూపించమనండి.

మునిగిన బండే, కానీ రెండు లక్షలు తక్కువకిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఇంజన్ మార్చొచ్చు, సీట్లు మార్చొచ్చు. వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము ఏడాది తర్వాత, రెండేళ్ల తర్వాత బయటపడుతుంది. ఈరోజు పవర్ విండో, రేపు ఏబీఎస్, ఎల్లుండి హైవే మీద స్టీరింగ్ బిగుసుకుపోవడం. ఏది ఎప్పుడు ఆగుతుందో ఏ మెకానిక్కూ చెప్పలేడు. వైరింగ్ మొత్తం, యూనిట్లు మార్చాలంటే మిగిలిందనుకున్న రెండు లక్షలూ దానికే పోతాయి.

డీజిల్ తీసుకోవాలా, పెట్రోలా?

రోజూ బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా, లేదా బ్రాడీపేట నుంచి అరండల్‌పేట దాకా తిరిగే వాళ్లకు పెట్రోలే. ఇందులో సందేహం లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిళ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని పట్టుకుంటుంది, బాగా వేడెక్కినప్పుడు ఆ మసిని తనే కాల్చేసుకుంటుంది. అంత వేడి ఊళ్లో రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో రాదు. ఫిల్టర్ నిండి లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది. మొదట్లోనే హైవే ఎక్కి ఇరవై ముప్పై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. లేకపోతే స్కానర్‌తో కాల్పించాలి, మూడు నుంచి ఆరు వేలు. ఫిల్టరే పోతే లక్ష దాటుతుంది. దాన్ని కోసి పైపు పెట్టిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, ఊరి గాలికీ చేటు.

నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్, వైజాగ్ వెళ్లేవాళ్లకు డీజిల్ ఇప్పటికీ బాగుంటుంది. కాకపోతే పనులు పెద్దవి. ఇంజెక్టర్ కొత్తది ఒక్కోటి పన్నెండు నుంచి పాతిక వేలు, రీకండిషన్ చేయిస్తే ఐదు నుంచి ఎనిమిది. టర్బో నలభై వేల నుంచి లక్ష.

ఏ మోడల్‌లో ఏ పని ఎక్కువగా వస్తుంది?

మారుతి విటారా బ్రెజా, 2016 నుంచి 2020 దాకా వచ్చిన డీజిల్: 1.3 లీటర్ల ఫియట్ ఇంజన్. ఇందులో టైమింగ్ బెల్టు కాదు, చైన్ ఉంటుంది. ఆయిల్ వేళకు మార్చకపోతే చైన్ సాగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గలగల శబ్దం వస్తుంది. చైన్ సెట్టు వేయించాలంటే పదిహేను నుంచి పాతిక వేలు. అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, మీరొచ్చే దాకా బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఆ శబ్దం మీకు వినబడకుండా చేశారేమోనని అనుమానించండి. 2020 తర్వాత వచ్చిన 1.5 పెట్రోల్ బ్రెజాకు పెద్ద పనులు తక్కువ. అందుకే రేటు దిగదు.

రెనో డస్టర్: మన రోడ్లకు దీని సస్పెన్షన్ అంత గట్టిది ఈ ధరలో దొరకడం కష్టం. డీజిల్‌లో మాత్రం టైమింగ్ బెల్టు ఉంది. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ హెడ్ పని పడుతుంది, లక్ష దాటొచ్చు. ముందే మారిస్తే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి పదిహేను నుంచి పాతిక వేలు. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసి ఆ మొత్తం బేరంలో తగ్గించండి. ఈ తరం డస్టర్ అమ్మకం 2022లో ఆగింది. చిన్న ప్లాస్టిక్ పార్టులకు, ట్రిమ్‌కు తిరగాల్సి రావచ్చు.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్: 1.5 డీజిల్ మాన్యువల్ నిక్షేపంలాంటి బండి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినా, సర్వీసు, స్పేర్లు కొనసాగిస్తామంది. మామూలు సర్వీసు పార్టులకు ఇబ్బంది లేదు, బాడీ పార్టులకు ఎదురుచూడాల్సి వస్తుంది. జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకటి 1.0 ఎకోబూస్ట్. దాని టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుంది. వేరే గ్రేడు ఆయిల్ పోస్తే బెల్టు పొట్టుపొట్టుగా రాలి ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. రెండోది 2017 చివరికి ముందు వచ్చిన 1.5 పెట్రోల్ ఆటోమేటిక్. అందులోది రెండు క్లచ్‌ల పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్, మెల్లగా కదిలేటప్పుడు వణుకుతుంది. 2017 చివర్లో వచ్చిన కొత్త రూపులో టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ద్వారా శక్తినందించే ఆటోమేటిక్ పెట్టారు, అది మేలు.

హ్యుందాయ్ క్రెటా, 2015 నుంచి 2020 దాకా: ఇంజన్లు మన్నికైనవి. 1.6 డీజిల్ మాన్యువల్‌లో క్లచ్‌తో పాటు ఫ్లైవీల్ కూడా పోతే బిల్లు నలభై ఐదు నుంచి అరవై వేలు.

టాటా నెక్సాన్: బాడీ గట్టితనం చూసి కొంటారు, అది సబబే. తొలి రెండేళ్ల బండ్లలో టచ్ స్క్రీన్, సెన్సర్లు, తలుపుల బిగింపు, సస్పెన్షన్ చప్పుళ్ల గురించి ఎక్కువ ఫిర్యాదులు వింటాం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లన్నీ పడ్డాయో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఆటోమేటిక్ కొనొచ్చా?

ఏ రకమో తెలుసుకుని కొనండి. ఆటోమేటిక్ అని రాసిన ప్రతిదీ ఒకటి కాదు. పాత బండిగా కొనడానికి టార్క్ కన్వర్టర్ అన్నిటికన్నా నమ్మకం. బ్రెజా డీజిల్‌లో, నెక్సాన్‌లో 2018 నుంచి వచ్చిన ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కే మెషీన్ చెయ్యి తగిలించినట్టు. యాక్చువేటర్ అనే ఆ మెషీన్ చెయ్యి పోతే ముప్పై నుంచి యాభై వేలు. వెన్యూ, సోనెట్, సెల్టోస్ టర్బో పెట్రోళ్లలో వచ్చే డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, హైవే మీద హాయిగా ఉంటుంది కానీ, గంటల తరబడి పాక్కుంటూ పోయే ట్రాఫిక్‌లో దాని క్లచ్‌లు వేడెక్కుతాయి. క్లచ్ సెట్టు మారిస్తే డెబ్బై వేల నుంచి లక్షా ఇరవై. ట్రయల్‌లో బ్రేకు వదిలి యాక్సిలేటర్ తొక్కకుండా బండిని మెల్లగా కదలనివ్వండి. వణికినా, కుదిపినా వదిలేయండి.

క్లచ్ ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది?

ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో నలభై వేగంతో పోతూ ఒక్కసారిగా యాక్సిలేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ చప్పుడు పైకి లేచి వేగం దానితో పాటు పెరగకపోతే ప్లేటు జారుతోంది. మామూలు క్లచ్ సెట్టు, అంటే ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి, పన్నెండు నుంచి ఇరవై వేలు. ప్లేటు ఒక్కటే మార్చి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. గేర్‌బాక్స్ దింపే కూలి రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

ఏసీ చల్లగానే వస్తోంది. ఇంకేం చూడాలి?

పొద్దున ఎనిమిదింటికి ప్రతి ఏసీ చల్లగానే ఉంటుంది. మే నెలలో నలభై ఐదు డిగ్రీలు చూసే ఊరు మనది. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లండి, ఎండలో నిలబెట్టిన బండిలో పది నిమిషాలు ఆన్ చేసి కూర్చోండి. నిలబడ్డప్పుడు చల్లదనం తగ్గి కదలగానే పెరిగితే కండెన్సర్, దాని ఫ్యాన్ లేదా కంప్రెసర్ నీరసించింది. గ్యాస్ నింపడం పదిహేనొందల నుంచి రెండున్నర వేలు, కండెన్సర్ ఆరు నుంచి పన్నెండు వేలు, కంప్రెసర్ పదిహేను నుంచి ముప్పై. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, ఎనిమిది నుంచి పదిహేను వేలు. ‘మొన్నే గ్యాస్ నింపాం’ అంటే అది మంచి వార్త కాదు. గ్యాస్ దానంతటది అయిపోదు, ఎక్కడో లీకుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ డబ్బా కూడా చూడండి. ఆకుపచ్చో, గులాబీయో రంగు ఉండాల్సిన చోట తుప్పు నీళ్లు కనబడితే ఎవరో పంపు నీళ్లు పోస్తూ నెట్టుకొచ్చారు. ఈ ఎండలకు రేడియేటర్, ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ వరసలో ఉంటాయి. హెడ్ గ్యాస్కెట్ పని పాతిక నుంచి నలభై వేలు.

సస్పెన్షన్, టైర్లు?

స్పీడ్ బ్రేకర్ మీద అద్దాలు దించి మెల్లగా ఎక్కించండి. టక్‌మని వినిపిస్తే లింక్ రాడ్లు, ఒక్కోటి ఏడొందల నుంచి పదిహేనొందలు. అది చిన్న పనే. లోయర్ ఆర్మ్ ఒక్కోటి రెండున్నర నుంచి నాలుగున్నర వేలు, ముందు షాకబ్జర్ల జత ఏడు నుంచి పన్నెండు. ఈ సైజు బండ్లకు 215/60 ఆర్16 లాంటి టైర్లు పడతాయి కాబట్టి నాలుగూ కలిపి ముప్పై, నలభై వేలు. చిన్న కారు టైర్ల రేటు మనసులో పెట్టుకుని రావద్దు.

ఆటోనగర్‌లో చేయించుకోవాలా, కంపెనీలోనా?

రెండూ. వారంటీ, రీకాల్, సాఫ్ట్‌వేర్, డీసీటీ, ఎయిర్‌బ్యాగ్ పనులకు కంపెనీ సర్వీస్ సెంటర్. క్లచ్, సస్పెన్షన్, బ్రేకులు, టింకరింగ్, రేడియేటర్ లాంటివి ఆటోనగర్‌లో చాలా తక్కువలో, అంతే చక్కగా అవుతాయి. ఒక పని మీదే ముప్పై ఏళ్లుగా కూర్చున్న చేతులు అక్కడున్నాయి. ఏసీ వాళ్లు వేరు, డీజిల్ పంపు వాళ్లు వేరు, ఎలక్ట్రీషియన్ వేరు. అన్ని పనులూ తనే చేస్తానన్న షెడ్డు కన్నా ఆ పనికి ఆ మనిషి దగ్గరికి వెళ్లడం మంచిది. పార్టు మీరే కొనివ్వండి, బిల్లు తీసుకోండి, విప్పిన పాత పార్టు మీ చేతికిమ్మని ముందే చెప్పండి. బ్రేకులు, స్టీరింగ్ విషయంలో మాత్రం ఒరిజినల్ తప్ప వేరేది వేయించొద్దు.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) పాత బండికి పడుతుందా?

2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో దాన్ని తట్టుకునే పార్టులు పెట్టారు. అంతకు ముందువాటిలో మైలేజీ కొంత తగ్గుతుంది. ఎనిమిది పదేళ్లు దాటిన బండైతే పెట్రోల్ పైపులు, రబ్బరు జాయింట్లు సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా చూడమని చెప్పండి. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచొద్దు.

హైదరాబాద్‌లో అదే బండి తక్కువకు దొరుకుతోంది. తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు, లెక్క చూసుకుని. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. మిగిలిందనుకున్న డబ్బులో పెద్ద భాగం దానికే పోతుంది. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

పేపర్ల విషయంలో ఏం చూడాలి?

ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30. చలాన్లు ఎన్నున్నాయో నంబరు కొట్టి చూసి, వాళ్ల చేతే కట్టించండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో స్వయంగా పోల్చుకోండి. ఇన్సూరెన్స్‌ను బండి చేతులు మారిన 14 రోజుల్లోపు మీ పేరుకు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుదే, అది మీకు రాదు, ఆ తేడా మీరు కట్టుకోవాలి. పేరు మారకుండా యాక్సిడెంట్ అయితే మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ దగ్గర గొడవే.

కొన్నాక మొదటి వారంలో ఏమేం చేయించాలి?

ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిలైతే డీజిల్ ఫిల్టర్ కూడా. పాత ఓనరు నిన్ననే మార్చానన్నా మార్చండి. కూలెంట్, బ్రేక్ ఆయిల్ పూర్తిగా తీసి కొత్తవి పోయించండి. నాలుగు చక్రాలూ విప్పించి బ్రేక్ ప్యాడ్లు మీ కళ్లతో చూడండి. బ్యాటరీ మూడేళ్లు దాటితే ఈ ఎండలకు ఎక్కువ కాలం ఆగదు, ఐదు నుంచి ఎనిమిది వేలు సిద్ధంగా ఉంచుకోండి. వీటన్నిటికీ బ్యాటరీ కాక పది, పన్నెండు వేలు అవుతుంది. తర్వాత వారధి దాటి మంగళగిరి మీదుగా కాజా టోల్‌గేట్ దాకా ఒక గంట నడిపి వచ్చి, ఇంటి ముందు ఇంజన్ కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున అట్ట మీద ఏ రంగు చుక్క పడిందో చూసి, దాన్ని ఫొటో తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, జిడ్డు లేకుండా ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్, రంగూ వాసనా లేకపోతే అది ఏసీ నీళ్లే.